వార్తల్లో 'పడు': విలేకరులు, కొత్త సబ్‌ఎడిటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ డెస్కుకు రోజూ వచ్చే ఫోన్లలో కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. జూలైలో గండ్ల గురించి, మిర్చి సీజన్‌లో ధరల గురించి, ఎన్నికలప్పుడు ఓట్ల గురించి అడుగుతారు. విషయాలు వేరైనా చిక్కు మాత్రం ఎక్కువసార్లు ఒక్క క్రియ దగ్గరే వస్తుంది. అది 'పడు'. మండల విలేకరులు, కొత్తగా డెస్కులో చేరినవాళ్లు అడిగినవాటిని వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## వార్త రాయకముందు

'పడు' మామూలు మాటే కదా, దాని మీద ఇంత చర్చ ఎందుకు?

మామూలు మాట కాబట్టే. వాన పడుతుంది, వికెట్ పడుతుంది, కేసు పడుతుంది, శిక్ష పడుతుంది, ధర పడుతుంది, ఖాతాలో డబ్బు పడుతుంది, చెరువుకు గండి పడుతుంది, ప్రభుత్వం పడిపోతుంది. జిల్లా పేజీలో ఏ వార్త తీసినా ఏదో ఒక రూపంలో ఈ క్రియ కనబడుతుంది. 'కనబడు'లో ఉన్నదీ అదే.

ఈ క్రియ వాడితే పని దానంతట అదే జరిగినట్టు వినబడుతుంది. వాన విషయంలో అది నిజం. మిల్లు విషయంలో కాదు. 'వరంగల్ ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది' అనే వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ లేదు. కానీ 1934లో పెట్టిన మిల్లు దానంతట అది తలుపులు వేసుకోలేదు. మూసేయాలని ఒక నిర్ణయం జరిగింది, దాని మీద సంతకాలు పడ్డాయి, కార్మికులు స్వచ్ఛంద పదవీ విరమణ కాగితాలు తీసుకుని ఇళ్లకు వెళ్లారు. 'మూతపడింది' దగ్గరే ఆగిపోతే ఇవేవీ పాఠకుడికి తెలియవు. అందుకే 'పడు' రాసేముందు ఒక్క క్షణం ఆగమంటాను. ఇది పడిందా, ఎవరైనా పడేశారా?

పడిందో పడేశారో నాకెట్లా తెలుస్తది? ఏదైనా గుర్తు ఉందా?

తెలుగులో ఈ క్రియకు జోడీలు ఉన్నాయి. బయటపడు–బయటపెట్టు, ఇబ్బందిపడు–ఇబ్బందిపెట్టు, భయపడు–భయపెట్టు, నిలబడు–నిలబెట్టు, గాయపడు–గాయపరచు, పడిపోవు–పడగొట్టు, మూతపడు–మూసేయు. మీ వాక్యంలో 'పడు' ఉంటే దాని జోడీని పెట్టి చదవండి. 'పరిశ్రమను మూసేశారు' అనగానే 'ఎవరు?' అనే ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే జోడీనే రాయండి. దొరకకపోతే ఒక ఫోన్ చేయండి. అప్పటికీ దొరకకపోతే 'పడు' ఉంచి, ఫలానా అధికారిని అడిగితే స్పందించలేదని ఒక వాక్యం చేర్చండి. 'వాన పడింది'కి జోడీ పెట్టాలని చూస్తే కుదరదు, అక్కడ కర్తను వెతికే పనే లేదు.

మన దగ్గర 'పడ్డది', 'పడ్డయి' అంటరు. పేపర్ల 'పడింది', 'పడ్డాయి' అనే రాయాల్నా?

కథనం మీది అయినచోట పత్రిక పాటించే రూపమే రాయండి. మనిషి మాటను ఉటంకించేచోట మాత్రం ఆ మనిషి ఎలా అన్నారో అలాగే ఉంచండి. 'రాత్రి పన్నెండు దాటినంక గోడ పడ్డది, పిల్లలను ఎత్తుకొని బయటికి ఉరికినం' అని ఒక తల్లి చెబితే, దాన్ని 'అర్ధరాత్రి దాటాక గోడ పడింది, పిల్లలను తీసుకుని బయటికి పరుగెత్తాం' అని దిద్దకండి. ఆ మాటలు ఆమెవి. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్న నేల ఇది. మన జనం మాటను కొటేషన్ల మధ్య కూడా మార్చేస్తే ఆ రోజు వేసే ప్రత్యేక పేజీలకు అర్థం ఉండదు. ఎమ్మెల్యే మాటను మాండలికంలో, కలెక్టర్ మాటను పుస్తక భాషలో పెట్టి, కూలీ మాటను మాత్రమే దిద్దడం ఇంకా పెద్ద తప్పు.

ప్రెస్‌నోట్‌లో 'చేయబడింది', 'ఇవ్వబడును' అని వస్తే అట్లనే పెట్టొచ్చా?

పెట్టకండి. ఎవరూ మాట్లాడని తెలుగు అది. 'అన్నం వండబడింది' అని ఏ ఇంట్లోనూ అనరు. పైగా ఈ 'బడు' నోటీసు ఇచ్చినవాళ్లను దాచేస్తుంది. 'అనర్హుల పేర్లు జాబితా నుంచి తొలగించబడినవి' అని వస్తే, ఆ పేర్లు తీసేసింది గ్రామసభనా, తహసీల్దారా, పైఅధికారులా అని అడగండి. 'తహసీల్దారు తొలగించారు' అని రాయగలిగితే జాబితాలో పేరు పోయినవాళ్లకు ఏ గుమ్మం ఎక్కాలో తెలుస్తుంది.

పాతబడి అర్థం స్థిరపడిన 'ఏర్పడింది', 'పట్టుబడ్డాడు', 'వెనుకబడిన తరగతులు' లాంటివాటితో ఇబ్బంది లేదు. ఇవి జనం నోట్లో ఉన్న మాటలు.

## ఫీల్డ్ నుంచి పంపేటప్పుడు

'భారీ వర్షం పడింది' అని ఎప్పుడు రాయాలి? మా ఊర్లో అందరికీ భారీగానే అనిపించింది.

వాతావరణ శాఖకు కొలత ఉంది. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా కురిస్తే భారీ, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, అది దాటితే అత్యంత భారీ. మండలాల వారీగా ప్రభుత్వం పెట్టిన రెయిన్‌గేజ్‌ల అంకెలు ఉదయానికల్లా వస్తాయి. ఆ అంకె చేతికి వచ్చేదాకా 'గట్టి వాన పడింది' అనండి. అది మన మాట, అబద్ధం కాదు.

అంకె ఎందుకు కావాలో 2023 జూలై 27 చెబుతుంది. ఆ ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ఆ రోజే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి వాగు నీళ్లలో మునిగింది. ప్రతి జల్లుకూ 'కుంభవృష్టి' అని రాసే అలవాటుంటే అలాంటి రోజున రాయడానికి మాట మిగలదు.

'వర్షపాతం పడింది' అని రాయకండి. పాతం అంటేనే పడటం. వర్షపాతం నమోదవుతుంది, వాన పడుతుంది.

చెరువుకు 'గండి పడింది', 'గండి కొట్టారు' రెండూ ఒకటే కదా?

కావు. ఈ తేడా తప్పితే ఊళ్లో తగాదా అవుతుంది. 'గండి పడింది' అంటే నీటి ఒత్తిడికో, కట్ట బలహీనతకో తెగింది. 'గండి కొట్టారు' అంటే మనుషులు పారలో, పొక్లెయినో పెట్టి తెంపారు. ఒక కాలనీని కాపాడటానికి తెంపి ఉండొచ్చు, శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, తేలడానికి తెంపి ఉండొచ్చు. కింద పొలాలు పోయిన రైతుకు పరిహారం వస్తుందా, ఎవరి మీదైనా కేసు అవుతుందా అన్నది ఈ ఒక్క క్రియ మీద ఆధారపడి ఉంటుంది.

కట్ట దగ్గరికి వెళ్లినప్పుడు చూడాల్సినవి కొన్ని ఉంటాయి. తెగినచోట అంచులు నిట్టనిలువుగా, పళ్ల గుర్తులతో ఉన్నాయా, లేక లోపలికి తిని గుండ్రంగా కోసుకుపోయాయా? కట్ట మీద బండి చక్రాల జాడలున్నాయా? తూము దగ్గర మొదలైందా, కట్ట నడుమ తెగిందా? పక్క పొలం రైతు ఏ వేళకు చప్పుడు విన్నారు? ఇవి మీరు తీర్పు చెప్పడానికి కాదు, చూసింది చూసినట్టు రాయడానికి. ఇంజినీరు, రైతు వేర్వేరుగా చెబితే ఇద్దరి మాటా పెట్టి, 'కట్ట తెగింది' అనే తటస్థమైన మాట వాడండి.

భద్రకాళి చెరువునే చూడండి. 2023 జూలై వరదల్లో పోతననగర్ వైపు కట్టకు గండి పడింది. 2024 చివర్లో పూడిక తీయడానికి అదే చెరువును ఖాళీ చేశారు. మొదటిదానికి 'పడింది', రెండోదానికి 'చేశారు'. చెరువు ఒక్కటే, జరిగిన పని వేరు.

'చెరువు మత్తడి పడింది' అని రాస్తే మత్తడి కూలిపోయిందా అని ఫోన్ చేస్తున్నారు. ఏం రాయాలి?

మనకు చెరువు నిండి, మిగులు నీళ్లు మత్తడి మీది నుంచి దుంకడమే 'మత్తడి పడటం'. పాకాల, రామప్ప, లక్నవరం మత్తడి పడ్డాయంటే ఆయకట్టు రైతుకు అంతకంటే మంచి వార్త లేదు. ఇంకొన్ని ప్రాంతాల్లో దీన్నే అలుగు పారడం అంటారు. జిల్లా పేజీలో 'మత్తడి పడింది' అనే ఉంచండి. రాష్ట్రమంతా చదివే పేజీకైతే 'చెరువు నిండి మత్తడి దుంకుతోంది' అని రాస్తే ఎక్కడివాళ్లకైనా అర్థమవుతుంది. 'అలుగు' అని మార్చాల్సిన అవసరం లేదు. నిజంగానే మత్తడి కట్టడం దెబ్బతింటే 'మత్తడి కొట్టుకుపోయింది' లేదా 'మత్తడి కూలింది' అనండి.

మేడిగడ్డకు అందరూ 'కుంగింది' అనే రాశారు. 'పడిపోయింది' అంటే ఏమైతది?

జరిగింది వేరు కాబట్టి మాట వేరు. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బరాజ్ ఏడో బ్లాకులో పిల్లర్లు కిందికి దిగాయి, పైన వంతెన వంగింది. పునాది కిందికి దిగితే కుంగడం. నిలువు కట్టడం ఒరిగి నేలకు వస్తే పడటం లేదా కూలడం. కట్టడం మీద చీలికలు తేలితే బీటలు పడటం, పగుళ్లివ్వడం. ఇంజినీర్లకు ఇవి వేర్వేరు సమస్యలు, వాటికి కారణాలూ వేర్వేరే. ఊరి బడి గోడ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 'గోడ పడిపోయేలా ఉంది' అనే బదులు గోడ ఎటు ఒరిగిందో, ఆ పగుల్లో చెయ్యి పడుతుందో వేలు పడుతుందో రాయండి.

'ఎనుమాములలో మిర్చి ధర పడిపోయింది' అని పంపితే డెస్క్ తిప్పి పంపింది. నిజంగనే పడింది కదా?

పడి ఉండొచ్చు. కానీ ఆ ఒక్క వాక్యంలో నాలుగు విషయాలు లేవు.

మొదటిది, ఏ రకం? తేజ, వండర్ హాట్, యూఎస్ 341, చపాటా ఒక్కోటి ఒక్కో ధర పలుకుతుంది. తేజ చైనా ఎగుమతుల మీద నడిస్తే, చపాటా రంగు కోసం అమ్ముడవుతుంది. ఒకటి తగ్గిన రోజే ఇంకొకటి పెరగొచ్చు. 'మిర్చి' అని మొత్తంగా రాస్తే ఏ రైతుకూ పనికిరాదు.

రెండోది, ఏ ధర? పొద్దున జెండా పాటలో, అంటే యార్డులో జరిగే తొలి వేలంలో, మేలైన సరుకుకు పలికిన ధరనే చాలామంది పంపుతారు. యార్డులో చాలా బస్తాలు ఆ ధరకు అమ్ముడుపోవు. కాబట్టి గరిష్ఠ, కనిష్ఠ ధరలతో పాటు ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో కూడా అడగండి. జెండా పాట కదలకుండా ఉండి, కింది ధరలు మాత్రం దిగిన రోజులుంటాయి. ఆ రోజు రైతు నష్టపోయినా మీ వార్తలో 'ధర నిలకడ' అని వస్తుంది. జెండా పాట ఒక్కటే చూసి మార్కెట్ వార్త రాయడం మన ప్రాంత విలేకరిత్వంలో పాతుకుపోయిన బలహీనత అని నా గట్టి అభిప్రాయం.

మూడోది, ఎప్పటితో పోల్చి? నిన్నటితోనా, నిరుటితోనా?

నాలుగోది, ఎందుకు? వరుస సెలవుల తర్వాత సరుకు పోటెత్తిందా, కోల్డ్ స్టోరేజీల పాత నిల్వ బయటికొచ్చిందా, తేమ పేరుతో కోత పెట్టారా, ఖరీదుదారులే పాట ఆపేశారా? ధర తనంతట పడినట్టు రాస్తే ఈ చివరి అనుమానాన్ని ఎవరూ అడగరు. కమీషన్ ఏజెంట్, ఖరీదుదారు, రైతు, మార్కెట్ కార్యదర్శి నలుగురినీ అడగండి. కాంటా దగ్గర తరుగు ఎంత తీస్తున్నారో కళ్లారా చూడండి.

పత్తికి ఇంకో లెక్క కూడా ఉంది, మద్దతు ధర. 2025–26కు పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం ఉంటే సీసీఐ (భారత పత్తి సంస్థ) పూర్తి ధర ఇస్తుంది, 12 శాతం దాకా దానికి తగ్గట్టు కోస్తుంది, అది దాటితే కొనదు. కాబట్టి 'పత్తి ధర పడింది' అంటే మద్దతు ధర కంటే కిందికి దిగిందా, తేమతో కోత పడిందా అన్నది మొదటి పేరాలోనే ఉండాలి.

రైతుల ఖాతాల్లో డబ్బులు 'పడ్డాయి' అని ఎప్పుడు రాయొచ్చు?

రైతు ఫోన్‌లో మెసేజ్, లేదా పాస్‌బుక్‌లో ఎంట్రీ చూశాకే. ప్రకటించారు, మంజూరు చేశారు, విడుదల చేశారు, జమ చేశారు అనేవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చే మెట్లు. హైదరాబాద్‌లో బటన్ నొక్కిన రోజే 'డబ్బులు పడ్డాయి' అని రాస్తే, మర్నాడు బ్యాంకు ముందు క్యూ కట్టి ఉత్త చేతులతో తిరిగొచ్చే ముసలాయనకు మన పత్రికే తప్పు చెప్పినట్టవుతుంది.

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైనప్పుడు తొలి విడత చెక్కులుగా చేతికిచ్చారు, అందింది లేనిది కంటికి కనబడేది. ఇప్పుడు రైతు భరోసా ఎకరాకు సీజన్‌కు 6,000 రూపాయల చొప్పున నేరుగా ఖాతాకు వెళుతుంది. ఎన్ని ఎకరాల లోపు వాళ్లకు ఆ రోజు జమ అయిందో రాయండి. మీ ఊళ్లో ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని ఇద్దరితోనూ మాట్లాడండి.

'కేసు పడింది', 'రిమాండ్ పడింది', 'శిక్ష పడింది' ఒకేలా రాయొచ్చా?

ఈ మూడింటినీ 'పడింది' ఒకే గాటన కట్టేస్తుంది, చదివేవాళ్లకు మూడూ శిక్షల్లాగే వినబడతాయి. కేసు నమోదంటే ఒక ఫిర్యాదును పోలీసులు ఎఫ్‌ఐఆర్‌గా రాసుకున్నారని మాత్రమే. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద జరుగుతోంది. రిమాండ్ అంటే విచారణ కోసం కోర్టు కస్టడీకి పంపడం. శిక్ష ఒక్కటే తీర్పు తర్వాత వస్తుంది. అందుకని 'పోలీసులు కేసు నమోదు చేశారు', 'కోర్టు రిమాండ్ విధించింది' అని కర్తతో రాయండి. 'పడింది'ని శిక్షకు ఉంచండి. అక్కడ కూడా ఏ కోర్టు, ఏ సెక్షన్, ఎన్నేళ్లు అన్నవి అదే వాక్యంలో రావాలి.

పోలీసులే 'అఘాయిత్యానికి పాల్పడ్డాడు' అని చెబుతుంటే మేము కూడా రాయొద్దా?

'పాల్పడ్డాడు' అంటే నేరం చేశాడని మీరే ధ్రువపరిచినట్టు. పోలీసులు చెప్పినా అది ఆరోపణే. 'పాల్పడినట్లు పోలీసులు తెలిపారు', 'పాల్పడ్డాడన్న ఫిర్యాదుపై అరెస్టు చేశారు' అనండి. కోర్టు నేరం రుజువైందని చెప్పిన రోజు నేరుగా 'పాల్పడ్డాడు' రాయండి. ఆ రోజు మెత్తగా రాయడం కూడా తప్పే.

'అఘాయిత్యం' అనే మాట వద్దు. అది నేరాన్ని మసకబరుస్తుంది. చట్టంలో ఉన్న మాట వాడండి. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, పిల్లల విషయంలో పోక్సో 23వ సెక్షన్ వర్తిస్తుంది. పేరొక్కటి తీసేస్తే చాలదు. ఊరి పేరు, తరగతి, తండ్రి చేసే పని, నిందితుడు ఏమవుతాడో అన్నీ రాస్తే చిన్న ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

'ఆత్మహత్యకు పాల్పడ్డాడు' కూడా రాయొద్దంటున్నరు. ఎప్పటినుంచో రాస్తున్నదే కదా?

ఎప్పటినుంచో రాస్తున్నాం, ఇప్పుడు మానేద్దాం. పాల్పడటం దొంగతనానికి, మోసానికి, దాడికి వాడే క్రియ. చనిపోయిన మనిషిని ఆ వరుసలో నిలబెట్టకూడదు. చట్టం కూడా మారింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం, ప్రాణం తీసుకోవాలని చూసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ కొత్త న్యాయ సంహితలో లేదు.

'ఆత్మహత్య చేసుకున్నారు' లేదా 'ప్రాణం తీసుకున్నారు' అని రాయండి. ఎలా చేసుకున్నారో వివరించొద్దు, మందు పేరు వద్దు, ఫొటో వద్దు. ప్రెస్ కౌన్సిల్ 2019లో తెచ్చిన మార్గదర్శకాలూ ఇదే చెబుతున్నాయి. పత్తి రైతు చనిపోయినప్పుడు 'అప్పుల బాధతో' అని ఒక్క ముక్కలో కారణం తేల్చేయకండి. అప్పు ఎంత, బ్యాంకుదా ప్రైవేటుదా, కౌలు ఎన్ని ఎకరాలకు అని కుటుంబం చెప్పగలిగితే రాయండి, చెప్పలేని స్థితిలో ఉంటే వదిలేయండి. చివర టెలీ మానస్ నంబర్ 14416 తప్పకుండా ఉండాలి.

'ప్రమాదవశాత్తు బావిలో పడి మృతి' అనేది రోజూ రాసేదే. దాంట్లో తప్పేముంది?

పడటం ఎవరైనా చూశారా? చూసినవాళ్లుంటే రాయండి. లేకపోతే మీకు తెలిసింది శవం బావిలో దొరికిందని మాత్రమే. పోలీసులు కూడా మొదట దాన్ని సురక్షా సంహిత 194 కింద అనుమానాస్పద మృతిగానే తీసుకుంటారు. 'బావిలో మృతదేహం లభ్యం, ప్రమాదవశాత్తు పడి ఉంటాడని కుటుంబసభ్యులు చెబుతున్నారు' అనడమే సరైన వాక్యం. తర్వాత అది వేరే సంగతిగా తేలిన సందర్భాలు మన పేజీల్లోనే ఉన్నాయి.

ప్రమాదమే అయితే మీ పని ఇంకా మిగిలే ఉంది. బావికి గోడ ఉందా? రోడ్డుకు ఎంత దూరంలో ఉంది? వ్యవసాయ బావులు రోడ్డు అంచునే, ఒర కూడా లేకుండా ఉన్న ఊళ్లు మనకు కొత్త కాదు.

ఎన్‌కౌంటర్ వార్తల్ల 'కూంబింగ్‌లో మావోయిస్టులు తారసపడ్డారు' అని వస్తది. దాన్ని ఎట్ల రాయాలి?

ఆ వాక్యం పోలీసు ప్రకటనది. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల వార్తల్లో దశాబ్దాలుగా అదే అచ్చవుతోంది. తారసపడటమంటే అనుకోకుండా ఎదురవడం. అది అనుకోకుండా జరిగిందో, సమాచారంతో చుట్టుముట్టారో మీరు చూడలేదు. 'తారసపడ్డారని పోలీసులు తెలిపారు' అని రాయండి. పౌరహక్కుల సంఘాలు వేరే మాట చెబితే దానికీ చోటివ్వండి. ఎన్‌కౌంటర్ మరణాలపై ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ జరగాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. అవి మొదలయ్యాయా అని వారం తర్వాత అడగడం కూడా మన వార్తే.

ప్రభుత్వం 'పడిపోవడం', తీర్మానం 'వీగిపోవడం' కలగాపులగం అవుతున్నయి.

ప్రభుత్వం గెలిస్తే అవిశ్వాస తీర్మానం వీగిపోతుంది. సభ విశ్వాసం పోతే ప్రభుత్వం పడిపోతుంది. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు, 1993 జూలైలో అవిశ్వాస తీర్మానం 251–265తో వీగిపోయింది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయీ ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటుతో పడిపోయింది. మున్సిపల్ చైర్‌పర్సన్ల మీద అవిశ్వాసాలకూ ఇదే పద్ధతి. 'పడగొట్టారు' అన్న మాట మాత్రం ఎవరు ఎటు ఓటేశారో రికార్డు చూశాకే.

ఓట్లు 'పడ్డాయి', 'పోలయ్యాయి', 'వచ్చాయి' ఏది ఎప్పుడు?

బూత్‌లో వేసినవి పోలయ్యాయి. లెక్కించాక అభ్యర్థికి వచ్చాయి. 'ఫలానా కులం ఓట్లు ఫలానాకు పడ్డాయి' అని రాయకండి. ఓటు రహస్యం, అది మీకు తెలిసే వీలు లేదు.

క్రికెట్‌లో 'వికెట్ పడింది' సరిపోతదా?

సరిపోతుంది. బౌలర్ ప్రతిభ చెప్పాలంటే 'పడగొట్టాడు' అనండి. రనౌట్‌కు 'పడగొట్టాడు' కుదరదు.

'ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు' అని రాస్తే డెస్క్ కొట్టేస్తోంది. ఇబ్బందులు పడుతున్నది నిజమే కదా!

నిజమే. కానీ ఆ వాక్యం ఏ ఊరికైనా, ఏ రోజైనా అతుకుతుంది. అందుకే ఎవరినీ కదిలించదు. ఇబ్బంది ఎలా ఉందో చూపండి. వంతెన కొట్టుకుపోయిన వాగు దగ్గర నిలబడితే మీకు కనబడేది ఇలా ఉండొచ్చు: బడి పిల్లలు చెప్పులు చేతిలో పట్టుకుని, సంచులు నెత్తిన పెట్టుకుని నడుములోతు నీళ్లలో దాటుతున్నారు. నెలలు నిండిన ఆమెను మంచం మీద మోసుకొస్తున్నారు, అంబులెన్స్ అవతలి ఒడ్డున ఆగింది. అది రాస్తే 'తీవ్ర' అనే మాట అక్కర్లేదు. ఆ తర్వాత పనికి టెండర్ పిలిచారా, బిల్లు ఎక్కడ ఆగింది, ఏ శాఖ అన్నది కనుక్కోండి. ఇబ్బంది పడుతున్నవాళ్లను చూపి, ఇబ్బంది పెట్టినవాళ్లను అడిగితేనే వార్త నిండుతుంది.

## శీర్షిక పెట్టేటప్పుడు

'తగ్గింది', 'పడిపోయింది', 'పతనమైంది', 'కుప్పకూలింది' వీటిలో ఏది ఎంచుకోవాలి?

నా పద్ధతి ఇది. రోజువారీ ఊగిసలాటకు తగ్గింది. రైతు ఇంటి లెక్క మారేంత దిగితే పడిపోయింది. కొన్ని వారాల పాటు ఆగకుండా దిగుతుంటే పతనం. కొనేవాళ్లే లేక యార్డు నిలిచిపోతే కుప్పకూలింది. రెండు వందలు తగ్గినందుకే 'కుప్పకూలిన మిర్చి' అని పెడితే, మర్నాడు భయంతో బస్తాలు తెచ్చి అడ్డికి పావుశేరు అమ్ముకునేది రైతే. ధర శీర్షిక మార్కెట్‌ను కదిలిస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మాట ఎంచుకోవాలి.

'తెర పడింది', 'బ్రేక్ పడింది', 'అడుగు పడింది' శీర్షికలకు బాగుంటయి కదా?

చిన్నగా ఉంటాయి కాబట్టి చేయి అటే పోతుంది. అడుగు పడటానికి ముందు జరిగిందేమిటో చూడండి. శంకుస్థాపన రాయి పాతితే 'తొలి అడుగు పడింది' అంటాం. అదే పనికి ఇంతకుముందు కూడా రాయి పాతి ఉంటే? పాత పేజీలు తిరగేయండి. 'బ్రేక్ పడింది' అంటే ఎవరు ఆపారు? కోర్టు స్టే ఇచ్చిందా, నిధులు రాలేదా? 'పనులకు హైకోర్టు స్టే' అన్నది దానికంటే చిన్నదీ, నిండుగా ఉన్నదీ.

కూలీ 'పడ్డాడు', నాయకుడు 'పడ్డారు', మహిళ 'పడింది' అని వస్తోంది. ఇది సరైనదేనా?

నాకు సరైనదిగా తోచదు. నాయకుడు మెట్ల మీద జారితే 'జారిపడ్డారు', మేస్త్రీ పరంజా మీది నుంచి పడితే 'పడి మృతి చెందాడు'. ఇద్దరిదీ ఒకటే నొప్పి. మహిళ విషయం ఇంకా కఠినం. తెలుగులో ఏకవచనంలో గోడకూ ఆడమనిషికీ ఒకటే రూపం, గోడ పడింది, ఆమె పడింది. అందుకే ప్రమాదాల్లో, మరణాల్లో అందరికీ 'పడ్డారు', 'గాయపడ్డారు', 'మృతి చెందారు' అని గౌరవ రూపమే రాయాలని నా అభిప్రాయం. పసిపిల్లలకు 'పడ్డాడు', 'పడింది' సహజం, అక్కడ మార్చొద్దు. శీర్షికలో చోటు చాలకపోతే క్రియ తీసేయండి, 'పరంజా కూలి ఇద్దరి మృతి' అనొచ్చు.

## అచ్చయ్యాక

పేరుతో సహా 'పట్టుబడ్డాడు' అని రాసినం. కొన్నేళ్లకు కోర్టు కేసు కొట్టేసింది. మళ్లీ రాయాల్నా?

రాయాలి. లంచం తీసుకుంటూ ఏసీబీకి చిక్కాడన్న వార్త మొదటి పేజీలో వస్తుంది. నిర్దోషి అని తేలిన తీర్పును వెతికి రాసేవాళ్లు తక్కువ. ఆ మనిషి పిల్లలు మాత్రం ఆ పాత కటింగ్‌తోనే బడికి వెళుతుంటారు. మీరు పేరుతో రాసిన ప్రతి అరెస్టునూ ఒక నోటుబుక్‌లో కేసు నంబర్, కోర్టు పేరుతో పెట్టుకోండి. కోర్టు వార్తలు చూసే సహచరుడికి ఆ జాబితా ఇవ్వండి. శిక్ష పడినా, కొట్టేసినా అదే ఎడిషన్‌లో, వీలైతే అదే పేజీలో వార్త రావాలి. ఆన్‌లైన్‌లో పాత వార్త ఉంటే తీర్పు తేదీ, కోర్టు పేరు దాని మొదటి వాక్యంలోనే చేర్పించండి.

వేరే పొరపాట్లు తేలితే? గండి కొట్టారని రాసినం, తీరా చూస్తే అది తెగిందని ఇంజినీర్లు తేల్చారు.

సవరణ వేయాలి, అదే పేజీలో, మొదటి వార్త చదివినవాళ్లకు కనబడేచోట. 'పొరపాటు పడింది' అని రాయకండి. 'ఫలానా తేదీ వార్తలో కట్టకు గండి కొట్టారని ప్రచురించాం. నీటి పారుదల శాఖ పరిశీలనలో కట్ట వరద ఒత్తిడికి తెగిందని తేలింది' అని చెప్పండి. గండి కొట్టారని మీరు రాసిన ఊరివాళ్ల దగ్గరికి పత్రిక తీసుకుని వెళ్లి చూపించండి.